మైకు లేని చదివింపులు

కోరుట్లలో ఆ రోజుల్లో రెండు మైకు సెట్లు ఉండేవి. ఒకటి కొత్తది, రెండోది లక్ష్మీరాజానిది. అయినా చుట్టుపక్కల నలభై ఊళ్ల వాళ్లు పెళ్లి అనగానే లక్ష్మీరాజం కోసమే వచ్చేవాళ్లు. సెట్టు పాతదైతేనేం, మనిషి పనిమంతుడు. పెళ్లిలో మైకాయన పని పాటలు వేయడమే అనుకునేవాళ్లకు ఆ వృత్తి సంగతి తెలియదు. పాటలు ఎవరైనా వేస్తారు. అసలు పని చదివింపుల దగ్గర మొదలవుతుంది. వచ్చినవాళ్లు పిల్లకూ పిల్లగాడికీ పెట్టే బిందెలూ చీరలూ తలెపళ్లేలూ ఒక్కొక్కటే చేతికి తీసుకుని, పెట్టినవాళ్ల పేరు ఊరంతా వినేట్టు మైకులో చదవాలి. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, ఎవరిది ఎంత సాగదీసి పలకాలి, అంతా కత్తి మీద సామే.

బావ పేరు ముందు చదివితే మేనమామ అన్నం ముట్టకుండా లేచిపోతాడు. మాజీ సర్పంచ్‌ను వట్టి పేరుతో పిలిచి, ఇప్పటి సర్పంచ్‌ను సర్పంచ్ అంటే మాజీ గారి మనుషులు మైకు గొట్టాల మీదికి రాళ్లు విసురుతారు. ఇద్దరినీ సర్పంచ్ అంటే ఇద్దరూ విసురుతారు. ఇన్ని గొడవల మధ్య లక్ష్మీరాజం పదకొండేళ్లు నెగ్గుకొచ్చాడంటే దానికొక కిటుకు ఉంది. ఇద్దరు పెద్దమనుషులు పంతానికి వచ్చారని తోచగానే అతని ఎడమ కాలు మెల్లగా వెనక్కి జరిగేది. బొటనవేలితో బ్యాటరీ తీగెను ఒక్క లాగు లాగేవాడు. మైకు బంద్. ఇక చూడాలి అతని ఆత్రం. పెట్టె విప్పేవాడు, ఊదేవాడు, చెమట తుడుచుకునేవాడు, బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టేవాడు. ఈలోపు పంతం చల్లబడి ఒకాయన అన్నానికి లేచేవాడు. ఆయన లేవగానే మైకు బతికేది. కాదు అనే మాట లక్ష్మీరాజం నోటి నుంచి ఏ గిరాకీ ఎన్నడూ వినలేదు. కాదనే పని తీగె చేసేది.

సిరిసిల్లలో తండ్రి వదిలిపోయిన రెండు మగ్గాలు అమ్మి కొన్న సెట్టు అది. ఒక పెట్టె, రెండు గొట్టాలు, ఒక బ్యాటరీ, ఒక మైకు. మగ్గాలమ్మి గొట్టాలు కొన్నాడని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. భార్య ఇంద్రమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆ పెట్టె పోతే తమకు ఇంకో బతుకు లేదని ఇద్దరికీ తెలుసు. అతను ఊళ్లకు బయల్దేరేటప్పుడు పెట్టెకు తన పాత చీర చుట్టి, పసిపిల్లను ఇచ్చినట్టు చేతికిచ్చేది.

జగిత్యాలలో కూలి సంఘం వాళ్ల పెద్ద ఊరేగింపు జరిగిన మరుసటి ఏడు, ఇది జరిగింది. అంతకుముందు గిరాకీ అంటే పెళ్లివారొక్కరే. ఇప్పుడు ఒక్క పెళ్లికి నలుగురు యజమానులు. జగిత్యాలలో పర్మిషన్ కాగితం కోసం వెళ్తే ఎస్సై కాగితం మీద ముద్ర కొడుతూ, "మైకుల గా సంఘపోళ్ల మాట ఒక్కటి ఇనవడ్డా నీ పెట్టె ఠాణాల ఉంటది" అన్నాడు. లక్ష్మీరాజం అలాగేనని నవ్వి వచ్చాడు. అతను అందరికీ అలాగే అనేవాడు.

ఆ పెళ్లి మల్లాపూర్ దాటి నాలుగు మైళ్లు లోపల ఉన్న ఊళ్లో. పిల్ల తండ్రి బుచ్చయ్య చిన్నప్పటి నుంచీ జలపతిరావు దొర దగ్గర జీతగాడిగా ఉండి, సంఘం వచ్చాక బయటపడ్డ మనిషి. కోరుట్ల దాకా నడిచి వచ్చి, గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

"మా వాడల ఇప్పటిదాన్క మైకు మోగలేదన్నా. దొర మోగనియ్యలే. నా బిడ్డ పెండ్లికి మోగాలె."

"మోగుతది బుచ్చయ్యా. గదెంత పని?" అన్నాడు లక్ష్మీరాజం. ఎంత పనో పెళ్లిరోజు పొద్దున తెలిసింది.

గొట్టాలు పందిరి గుంజకు ఇంకా కట్టనే లేదు, దొర మనిషి లచ్చయ్య వచ్చాడు. ఆరడుగుల మనిషి, భుజాన కొత్త తువ్వాల, చేతిలో పొన్నుకర్ర. ఇరవై ఏళ్లుగా దొర వెనకే నడుస్తున్నవాడు. ఆ కర్ర దెబ్బ రుచి తెలియని ఇల్లు ఆ వాడలో లేదు.

"దొర పెండ్లికి అస్తుండు. మొదాలు దొర పేరు సదువాలె. దొర పేరు సదివినంకనే ఇంకోల పేరు. గట్ల గాకుంటే నీ పెట్టె గీ ఊరి పొలిమేర దాటది."

సంఘం వాళ్లు గడీకి చాకలీ మంగలీ పోకుండా బంద్ పెట్టించినప్పుడు దొర ఆరు నెలలు జగిత్యాలలో ఉండి, ఊళ్లో పోలీసు క్యాంపు పడ్డాక తిరిగి వచ్చాడు. కూలివాళ్ల వాడలో కుర్చీ వేయించుకుని తన పేరు మొదట చదివించుకుంటే, ఊరు మళ్లీ తనదే అయిందని నలుగురికీ తెలుస్తుంది. లక్ష్మీరాజానికి ఇది అర్థం కాక కాదు. "గట్లనే" అన్నాడు.

లచ్చయ్య అటు వెళ్లాడో లేదో సంఘం సారయ్య ఇటు వచ్చాడు. సన్నగా ఉంటాడు, గట్టిగా మాట్లాడడు. వచ్చి బ్యాటరీ పక్కనే గొంతుకూర్చున్నాడు.

"అన్నా, ఎవలు ముందుగాల అచ్చిన్రో గాళ్ల పేరే ముందుగాల. మొదాలు అచ్చింది పోశవ్వ. దొర పేరు మొదాలు ఇనవడ్డదనుకో, నీ పెట్టె మా తాననే ఉంటది."

"గట్లనే తమ్మీ" అన్నాడు లక్ష్మీరాజం. ఒకే పెట్టెను పొద్దు ఎక్కకముందే ముగ్గురు పంచుకున్నారు.

పోశవ్వ నిజంగానే చీకటి ఉండగానే వచ్చిందట. అరవై దాటిన మనిషి, నాట్లు వేసి వేసి నడుం వంగిపోయింది. కొంగులో ఇత్తడి చెంబు కట్టుకుని గొట్టం కిందికి వచ్చి తలెత్తి చూసింది.

"కొడుకా, నా పేరు గూడ ఈ గొట్టంల అస్తదా?"

"అస్తదవ్వా."

"దొర గడీ దాన్క ఇనవడ్తదా?"

"మల్లాపూర్ దాన్క ఇనవడ్తది" అన్నాడు. గిరాకీని ఊరించడం అలవాటు. ముసలమ్మ ఆ మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తలంబ్రాలు అయ్యాయి. పిల్లనూ పిల్లగాణ్ణీ పీటల మీద కూర్చోబెట్టారు. పిల్ల నాయనమ్మ ముత్తవ్వ వాళ్ల పక్కనే చాప మీద కూర్చుంది. ఆమెకు చూపు మసక, చెవులు అంతకంటే మసక. అప్పుడు దొర వచ్చాడు. పందిరి మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది, తర్వాత లేచినందుకు సిగ్గుపడి సగం మంది కూర్చున్నారు. దొర కుర్చీలో కూర్చున్నాడు. వెనక లచ్చయ్య ఒక చేత్తో పట్టుచీర ఉన్న పళ్లెం, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. సారయ్య బ్యాటరీ పక్క నుంచి కదల్లేదు. బుచ్చయ్య ఇద్దరి మధ్యా చేతులు కట్టుకుని నిలబడి, ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని మైకు వైపు చూస్తున్నాడు.

లక్ష్మీరాజం మైకు అందుకున్నాడు. "హలో, హలో" అన్నాడు. ఒక్క పేరు. ఏది పలికినా పెట్టె పోతుంది. బ్యాటరీ తీగె అందదు, సారయ్య మోకాలు దాని మీదే ఉంది. ఇక చేసేది లేక, పెట్టె వెనక చెయ్యి పెట్టి మైకు తీగెనే చటుక్కున పీకేశాడు. గొట్టాలు మూగపోయాయి.

"గీ బ్యాటరీ మన్నువడ. దిగిపోయింది. ఒక గంట పడ్తది" అంటూ పెట్టె మీదికి వంగి మరలు తిప్పడం మొదలుపెట్టాడు. గంటసేపు కూలివాళ్ల పందిట్లో చెమటలు కక్కుకుంటూ దొర కూర్చోడు. ఆయన వెళ్లాక వరసగా చదివితే సారయ్యా చల్లబడతాడు. పదకొండేళ్ల అనుభవం చెప్పిన లెక్క ఇది.

దొర కాలు మీద కాలు వేసుకున్నాడు. అలా కొంతసేపు గడిచాక ఆడవాళ్ల మధ్యలోంచి పోశవ్వ లేచింది.

"గొట్టంల రాదా మరి నా పేరు?" అని అడిగింది.

"జర ఆగు అవ్వా" అన్నాడు లక్ష్మీరాజం, ఆమె వైపు చూడలేక.

"ఎంతసేపు ఆగాలె? పొద్దుగాల సంది ఆగిన. గొట్టం లేకుంటేంది, నోరున్నది గద."

ఆమె వెళ్లి పీటల ముందు నిలబడి, పిల్ల చేతిలో చెంబు పెట్టి, జనం వైపు తిరిగింది. వంగిన నడుమును రెండు చేతులతో పట్టుకుని వీలైనంత నిటారుగా నిలబడింది.

"నా పేరు పోశవ్వ. బుచ్చయ్య బిడ్డకు ఇత్తడి చెంబు పెడుతున్న."

లక్ష్మీరాజం మరలు తిప్పడం మానేశాడు. వేల పేర్లు చదివిన మనిషి. పేరంటే అతనికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నమిలే సరుకు. ఒక మనిషి తన పేరు తానే ఇలా నలుగురి ముందూ చెప్పుకోవడం అతను ఎన్నడూ వినలేదు. ఆ వాడలో కూడా ఎవరూ విన్నట్టు లేదు. ముసలమ్మ గొంతు పందిరి దాటి ఉంటుందో లేదో గానీ, లక్ష్మీరాజానికి ఒళ్లు జలదరించింది.

తర్వాత ఇంకొకామె లేచింది. "నా పేరు మొగిలవ్వ" అంది, నేల చూస్తూ. చాప మీద ముత్తవ్వ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఇనవడలే బిడ్డా." మొగిలవ్వ చేతిలోని గిన్నెతో పాటు తలా ఎత్తింది. "మొగిలవ్వ. కంచుడు." "ఆఁ, ఇనవడ్డది" అంది ముత్తవ్వ తృప్తిగా.

అంతే, వరస కట్టారు. డప్పు కొట్టినవాడూ చెప్పులు కుట్టినవాడూ, చెరువు కట్ట మట్టి మోసినవాళ్లూ, పుట్టినప్పటి నుంచి ఒరే అనీ ఓసే అనీ తప్ప పిలుపు ఎరగనివాళ్లూ ఒక్కొక్కరే వచ్చి నిలబడి, తమ పేరు తాము చెప్పి, తెచ్చింది పెట్టి పోతున్నారు. గొంతు తగ్గిన వాళ్లందరికీ ముత్తవ్వ దగ్గర ఒకటే మాట. ఇనవడలే. వాళ్లు మళ్లీ గట్టిగా చెబుతున్నారు. రెండోసారి చెప్పేటప్పుడు వాళ్ల మొహాలు మారిపోతున్నాయి. లక్ష్మీరాజం మైకు ఒళ్లో పెట్టుకుని, తన పని తనను వదిలేసి తానే నడుచుకుంటూ పోతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తాను లేకపోతే ఎవరి పేరూ గడప దాటదని ఇన్నేళ్లూ అనుకున్నాడు పాపం.

అప్పుడు లచ్చయ్య వంగి దొర చెవిలో ఏదో అన్నాడు. దొర చెయ్యెత్తాడు. వరస ఆగింది.

"ఏమోయ్ మైకాయన, బ్యాటరీ దిగిందంటివి. మరి గా పెట్టె మీద ఎర్ర దీపమేంది?"

లక్ష్మీరాజం చూసుకున్నాడు. పెట్టె ముందు భాగాన గోరంత ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది. బ్యాటరీ తీగె లాగితే దీపమూ ఆరేది. మైకు తీగె ఒక్కటీ పీకితే దీపమెందుకు ఆరుతుంది? పదకొండేళ్లలో రాని తప్పు ఆ రోజే వచ్చింది. సారయ్య కూడా దీపం చూశాడు. పందిరంతా చూసింది. ఇంతమంది కళ్ల కింద అబద్ధం పట్టుబడ్డవాడు ఎక్కడ దాక్కోవాలి?

"మైకు బాగనే ఉన్నది దొరా" అన్నాడు చివరికి. "తీగె నేనే పీకిన."

"ఎందుకు?"

"బుగులైంది దొరా" అన్నాడు, భయం దాచుకోకుండా.

"మంచిది. ఇప్పుడు పెట్టు. పెట్టి నా పేరు సదువు."

తీగె అతని చేతిలోనే ఉంది. గుచ్చడానికి ఒక్క క్షణం చాలు. గుచ్చి ఒక్క పేరు చదివితే పెట్టె ఎడ్లబండెక్కి, మల్లాపూర్‌లో బస్సెక్కి, ఇంద్రమ్మ చేతికి చేరుతుంది. సంఘం వాళ్లను తర్వాత కాళ్లావేళ్లా పడి ఒప్పించుకోవచ్చు. చెయ్యి లేచింది కూడా. అటు చూస్తే వరసలో తర్వాతి మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరో పశువులు కాసే మనిషి, చేతిలో ఒక చీపిరి కట్ట. తన వంతు వచ్చిందని నోట్లోనే పేరు అనుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. లక్ష్మీరాజం చెయ్యి దిగిపోయింది.

"కాదు దొరా" అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మడానికి అతనికే కొంచెం సమయం పట్టింది. "వరుస నడుస్తున్నది. ఎవల పేరు గాళ్లే చెప్పుకుంటున్నరు. నేను సదువ."

దొర లేచాడు. వెళ్లిపోతాడనే అందరూ అనుకున్నారు. వెళ్లిపోతే ఏమవుతుందో దొరకు తెలుసు. కూలివాళ్ల పందిట్లో పేరు లేకుండా పోయాడని రేపటికి పది ఊళ్లలో చెప్పుకుంటారు. లచ్చయ్య చేతిలోంచి పళ్లెం తీసుకుని పీటల దగ్గరికి నడిచాడు. సారయ్య అడ్డం రాబోతే పోశవ్వ వారించింది. "రానియ్యి బిడ్డా. ఆయన గూడ చెప్పుకోవాలె గద" అంది.

దొర పీటల ముందు నిలబడ్డాడు. నిలబడి ఆగిపోయాడు. ఆ ఊళ్లో ఆయన పేరు ఎప్పుడూ వేరేవాళ్లే చెప్పారు. ఆయన రాకముందే ఎవరో కేకవేసేవాళ్లు, ఆయన మాట్లాడకముందే ఎవరో దండం పెట్టేవాళ్లు. తన పేరు తాను చెప్పుకోవలసిన చోటికి ఆయన పుట్టిన నాటి నుంచీ వెళ్లలేదు. పెదవులు తడుపుకున్నాడు.

"జలపతిరావు" అన్నాడు. చాలా మెల్లగా వచ్చింది.

చాప మీద ముత్తవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆమెకు మనిషి కనపడలేదు, తెల్లబట్టలు కనపడ్డాయి అంతే. అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఎవలు కొడుకా? ఇనవడలే."

నవ్వే ధైర్యం ఎవరికీ లేదు, నవ్వాలనీ ఎవరికీ లేదు. వందమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. దొర మెడ మీద నరం లేచింది. ఆయన కూడా అందరిలాగే కొంచెం ముందుకు వంగి, గొంతు పెంచాడు.

"జలపతిరావు. పట్టుచీర."

"ఆఁ, ఇనవడ్డది" అంది ముత్తవ్వ.

లక్ష్మీరాజానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అతనికి తెలియలేదు. గెలిచామన్న సంతోషం కాదది, దొర మీద జాలీ కాదు. ఎన్ని ఊళ్లు, ఎన్ని పెళ్లిళ్లు చూశాడు, ఇంత పెద్ద సంగతి చూడలేదు. చూపు ఆనని ఒక ముసలమ్మ ముందు పోశవ్వా జలపతిరావూ ఒక్క ఎత్తున నిలబడ్డారు. తాను ఇన్నాళ్లూ మైకులో ఎవరిని పెంచాడో, ఎవరిని తగ్గించాడో తలుచుకుంటే సిగ్గేసింది.

దొర అన్నం మాట ఎత్తకుండా బయటికి నడిచాడు. దడి దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, "లచ్చా, ఆ పెట్టె సంగతి చూసి రా" అన్నాడు.

లచ్చయ్య కర్ర పట్టుకుని వెనక్కి వచ్చాడు. జనం జరిగారు. ఆ కర్రకు జరగడం వాళ్ల ఒంటికి అలవాటు. సారయ్య లేచి నిలబడ్డాడు గానీ లచ్చయ్య ముందు అతనెంత? పైగా చెయ్యి లేస్తే క్యాంపు పోలీసులు అరగంటలో వస్తారు. లక్ష్మీరాజం పెట్టె మీద బోర్లా పడి రెండు చేతులూ చుట్టేశాడు. సిరిసిల్ల మగ్గాలు గుర్తొచ్చాయి, ఇంద్రమ్మ గుర్తొచ్చింది. నన్ను కొట్టు గానీ పెట్టెను కొట్టకు అందామనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు.

కళ్లు తెరిచేసరికి లచ్చయ్య పక్కన లేడు. పీటల ముందు ఉన్నాడు. చేతిలో పెట్టడానికి ఏముందా అని ఒళ్లంతా తడుముకుని, భుజం మీది కొత్త తువ్వాల తీసి మడతపెట్టాడు. ఇరవై ఏళ్లు పెళ్లి పెళ్లికీ దొర వెనక పళ్లేలు మోసిన మనిషి, ఏ చదివింపులోనూ ఎవరూ అతని పేరు చదవలేదు. లక్ష్మీరాజమే ఎన్నిసార్లు చదవలేదో.

"నా పేరు లచ్చయ్య" అన్నాడు. అంత మనిషికి గొంతు పసివాడిలా వణికింది. ముత్తవ్వ అడగకముందే మళ్లీ చెప్పాడు, గట్టిగా. "లచ్చయ్య. పిల్లగానికి తువ్వాల." అని ముసలమ్మ వైపు వంగాడు. "ఇనవడ్డదా అవ్వా?"

"ఇనవడ్డది కొడుకా. అన్నం తిని పో."

దడి అవతల నుంచి దొర పిలిచాడు. "లచ్చా." కాసేపాగి మళ్లీ పిలిచాడు. ఆ వాడలో ఎన్నడూ మంచినీళ్లయినా ముట్టని లచ్చయ్య కర్రను గుంజకు ఆనించి, అప్పుడే అన్నానికి కూర్చుంటున్న బంతిలో పోశవ్వ పక్కన ఖాళీ చూసుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు, లేవనూ లేదు. లక్ష్మీరాజం పెట్టెను వదిలేసి వచ్చి, ఒక విస్తరి తీసుకుని, నీళ్లు చల్లి అతని ముందు వేశాడు.